యూనికెర్నెల్‌కి టూల్‌చైన్ రాపర్ ఎలా రాసుకోవాలి: జీసీసీని మళ్లీ బిల్డ్ చేయకుండా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంజనీరింగ్ చదివే మనవాళ్లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి యూనికెర్నెల్ అనుకోగానే చేసే మొదటి పని, బైన్‌యుటిల్స్ (లింకర్ లాంటి పనిముట్లు), జీసీసీ (సీ కంపైలర్) సోర్సులు దించుకుని క్రాస్ కంపైలర్‌ని, అంటే వేరే సిస్టమ్ కోసం కోడ్ పుట్టించే కంపైలర్‌ని, బిల్డ్‌కి పెట్టడం. 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్, మొబైల్ హాట్‌స్పాట్, మధ్యలో కరెంటు కోత, ఇక పొద్దున్న పెట్టిన బిల్డ్ రాత్రికి ఎక్కడ ఆగిందో దేవుడికే తెలియాలి. మీ లాప్‌టాప్ ప్రాసెసర్, యూనికెర్నెల్ నడవబోయే వర్చువల్ మెషిన్ ప్రాసెసర్ రెండూ ఎక్స్86-64 అయితే ఈ తిప్పలేవీ అక్కర్లేదు. మెషిన్ కోడ్ పుట్టించడం మీ ఉబుంటులో ఉన్న జీసీసీకి బాగానే వచ్చు. కాకపోతే అది ఎప్పుడూ లినక్స్ కోసమే పనిచేస్తున్నానని అనుకుంటుంది. ఆ అలవాటు మాన్పించే చిన్న షెల్ స్క్రిప్టునే రాపర్ అంటారు.

యూనికెర్నెల్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు: మీ ప్రోగ్రామ్, దానికి కావాల్సినంత ఆపరేటింగ్ సిస్టమ్ ముక్కలు లైబ్రరీల్లాగా కలిసిపోయి ఒకే ఇమేజ్‌గా తయారవుతాయి. ఒకే అడ్రస్ స్పేస్, కెర్నెల్‌కీ యూజర్‌కీ మధ్య గోడ ఉండదు, రెండో ప్రాసెస్ అన్న మాటే లేదు. మిరాజ్‌ఓఎస్, ఓఎస్‌వీ, యూనిక్రాఫ్ట్, రంప్‌రన్ అన్నీ ఈ కుటుంబమే. రాపర్ పద్ధతి కూడా కొత్తదేమీ కాదు. రంప్‌రన్ వాళ్లు నెట్‌బీఎస్‌డీ పేరుతో ఒక జీసీసీ రాపర్ ఇచ్చారు, సోలో5 వాళ్లు సీసీ (కంపైలర్), ఎల్‌డీ (లింకర్), ఆబ్జ్‌కాపీ (ఆబ్జెక్ట్ ఫైళ్ల రూపం మార్చేది) మూడింటికీ ఇచ్చారు, మజిల్ అనే లిబ్‌సితో (ప్రింటెఫ్, మాలక్ లాంటి ఫంక్షన్లు ఉండే సీ లైబ్రరీతో) మజిల్-జీసీసీ అని ఒకటి వస్తుంది. మీది రాసే ముందు ఈ మూడూ తెరిచి చదవండి, ఏదీ పెద్దది కాదు.

ఒక విషయం ముందే బుర్రలో పెట్టుకోవాలి. రాపర్ అంటే నాలుగు ఫ్లాగులు జోడించేది అనుకుంటారు చాలామంది. జోడించడం తేలిక. దాని అసలు పని ఆపడం: లినక్స్ హెడర్లను, లినక్స్ లైబ్రరీలను మీ ఇమేజ్‌లోకి రానివ్వకపోవడం. ఇచ్ఛాపురం దాటగానే గిరిసోల చెక్‌పోస్ట్ ఉంది చూశారుగా, అలాంటిదన్నమాట. ఏ బండినీ ఆపని చెక్‌పోస్ట్ ఉన్నా లేనట్టే.

ఫ్లాగుల పేర్లు కింద పలికినట్టే రాశాను, టెర్మినల్లో మామూలుగా ఇంగ్లిష్‌లో కొట్టండి, ముందు అడ్డగీత మీరే పెట్టుకోండి.

ముందు పేరు, తర్వాత చోటు

రాపర్ పేరు ట్రిప్లెట్‌తో మొదలవ్వాలి, అంటే ప్రాసెసర్, వెండర్, ఓఎస్ ఈ వరసలో, చివర సీసీ. ఆటోకాన్ఫ్ (సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో కనుక్కునే కాన్ఫిగర్ స్క్రిప్టును తయారుచేసే పనిముట్టు) వాడే ప్యాకేజీల్లో కాన్ఫిగ్-డాట్-సబ్ అనే స్క్రిప్టు ఈ పేరును పరిశీలిస్తుంది. ఓఎస్ చోట సొంత పేరు పెడితే గుర్తుపట్టలేదని ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగిపోతుంది. వెండర్ చోట మాత్రం ఏం రాసినా ఊరుకుంటుంది. అందుకే రంప్‌రన్ వాళ్లు తమ పేరును వెండర్ స్థానంలో పెట్టి, ఓఎస్ స్థానంలో నెట్‌బీఎస్‌డీ ఉంచారు. వాళ్ల లిబ్‌సి నిజంగానే నెట్‌బీఎస్‌డీది కాబట్టి అది సరిపోయింది. మీది మజిల్ అయినా సరే ఓఎస్ చోట లినక్స్ అని పెట్టకండి, పెడితే ప్రతి ప్యాకేజీ ఈపోల్, స్లాష్ ప్రాక్ లాంటి లినక్స్ సొంత సౌకర్యాలు ఉన్నాయని నమ్మేస్తుంది. ఈఎల్ఎఫ్ (బైనరీ ఫైల్ ఫార్మాట్ పేరు) అనో నన్ (ఓఎస్ ఏదీ లేదని) అనో పెట్టండి.

తర్వాత ఒక ఫోల్డర్ (దీన్నే సిస్‌రూట్ అంటారు) చేసుకుని అందులో బిన్, లిబ్‌ఎగ్జెక్, ఇన్‌క్లూడ్, లిబ్ అని నాలుగు సబ్‌ఫోల్డర్లు పెట్టండి. స్క్రిప్టులో ఈ ఫోల్డర్ పాత్‌ను గట్టిగా రాసెయ్యొద్దు. డాలర్ సున్నాని రీడ్‌లింక్ మైనస్ ఎఫ్‌కి ఇచ్చి, తాను ఎక్కడున్నదీ రాపరే కనుక్కునేలా చేయండి. మన దగ్గర టూల్‌చైన్ ఒకరి నుంచి ఒకరికి పెన్‌డ్రైవ్‌లోనే వెళ్తుంది. 2018లో తిత్లీ తుపాను గజపతి జిల్లాను దెబ్బతీసినప్పుడు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఈ తీరంలో నెట్ మీద భరోసా పెట్టుకుని ప్రాజెక్టు డెడ్‌లైన్ పెట్టుకోకూడదు. లిబ్‌సి సోర్స్, ప్యాకేజీల టార్‌బాల్స్, వాటి షా256 సంఖ్యలు అన్నీ ఆ ఫోల్డర్ పక్కనే ఉంచండి. స్నేహితుడి లాప్‌టాప్‌లో ఆ పాత్‌లో స్పేస్ ఉండొచ్చు, తెలుగులోనో ఒడియాలోనో ఫోల్డర్ పేరు ఉండొచ్చు, అప్పుడు కూడా పనిచెయ్యాలి. కాబట్టి స్క్రిప్టులో ప్రతి వేరియబుల్ చుట్టూ కోట్స్. ఆర్గ్యుమెంట్లు జీసీసీకి అందించేటప్పుడు డాలర్ ఎట్ కోట్స్‌లో పెట్టాలి, డాలర్ స్టార్ వాడితే స్పేస్ ఉన్న మొదటి మాక్రో దగ్గరే చెడుతుంది. బాష్ ఎర్రేలు వాడుకోండి, బతుకు సుఖంగా ఉంటుంది.

ఏఆర్, రాన్‌లిబ్, స్ట్రిప్, ఎన్‌ఎం, ఆబ్జ్‌కాపీలకు రాపర్లు అక్కర్లేదు. ట్రిప్లెట్ ముందు చేర్చిన పేరుతో సిమ్‌లింకులు పెడితే చాలు, అదే ప్రాసెసర్ కదా. సీ ప్లస్ ప్లస్ సంగతి వేరు. మీ ఉబుంటులో ఉన్న సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ గ్లిబ్‌సిని (లినక్స్‌లో మామూలుగా ఉండే లిబ్‌సిని) నమ్ముకుని కట్టినది, దాన్ని మీ లిబ్‌సి మీద కూర్చోబెట్టలేరు. దాన్ని మీ లిబ్‌సికి విడిగా బిల్డ్ చేసేదాకా సీ ప్లస్ ప్లస్ రాపర్ పేరుతో ఎర్రర్ చెప్పి ఆగిపోయే రెండు లైన్ల స్క్రిప్టు పెట్టండి.

హెడర్లు

నోస్టడింక్ ఇస్తే స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ ఇన్‌క్లూడ్ వైపు జీసీసీ చూడదు. కానీ దాంతోపాటు జీసీసీ సొంత హెడర్లు కూడా పోతాయి, స్టడార్గ్, స్టడ్‌డెఫ్, ఇంట్రిన్సిక్స్ లాంటివి. వాటిని వెనక్కి తేవాలి. ప్రింట్-ఫైల్-నేమ్ ఈక్వల్స్ ఇన్‌క్లూడ్ అని జీసీసీని అడిగితే అవి ఉన్న ఫోల్డర్ చెబుతుంది. ఐసిస్టమ్‌తో ముందు మీ లిబ్‌సి ఇన్‌క్లూడ్, ఆ వెనక జీసీసీ ఇన్‌క్లూడ్, మజిల్-జీసీసీ కూడా ఇదే వరస పాటిస్తుంది. పెద్ద ఐ ఫ్లాగు కాకుండా ఐసిస్టమ్ ఎందుకంటే, ప్యాకేజీ తన సొంత ఫోల్డర్లకు ఇచ్చుకున్న పెద్ద ఐలు అన్నింటికన్నా ముందు వెతకబడాలి, మీ హెడర్లు వాటిని తోసేయకూడదు.

ఇంతా చేశాక ఏదో పాత మేక్‌ఫైల్ తానే పెద్ద ఐ పెట్టి స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ ఇన్‌క్లూడ్‌ని లోపలికి తెస్తుంది. ఆర్గ్యుమెంట్లన్నీ ఒక లూప్‌లో చూసి, పెద్ద ఐ, ఐసిస్టమ్, పెద్ద ఎల్‌లలో ఎక్కడైనా స్లాష్ యూఎస్‌ఆర్ కనిపిస్తే ఎర్రర్‌తో ఆపేయండి. వార్నింగ్ కాదు, ఎర్రరే. వార్నింగులు ఎవరు చదువుతారు? బిల్డ్‌రూట్ రాపర్‌లో కూడా ఈ తనిఖీ ఉంది, అది సీలో రాసినది, చదివితే మంచి ఐడియాలు దొరుకుతాయి. అందులోంచి ఇంకోటి కూడా తీసుకోండి: ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే, చివరికి జీసీసీకి వెళ్లే ఆర్గ్యుమెంట్లు మొత్తం స్టడ్‌ఎర్ర్‌కి అచ్చవ్వాలి. డీబగ్ చేసేటప్పుడు అదే దిక్కు.

కోడ్ పుట్టించే ఫ్లాగులు

ఇక్కడ డిస్ట్రోల (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాల) గొడవ ఉంది. ఉబుంటు జీసీసీ మీరు అడక్కపోయినా పీఐఈ, స్టాక్ ప్రొటెక్టర్, ఫోర్టిఫై, సీఎఫ్-ప్రొటెక్షన్ అనే భద్రతా ఏర్పాట్లు ఆన్ చేసి ఉంచుతుంది. డెబియన్‌లో పీఐఈ ఉంటుంది, ఫోర్టిఫై ఉండదు. ఫెడోరాలో ఇవన్నీ ప్యాకేజీలు కట్టేటప్పుడు ఆర్‌పీఎం మాక్రోలతో వస్తాయి, మీరు ఊరికే జీసీసీ అని కొడితే రావు. కాలేజీ ల్యాబ్‌లో ఒక డిస్ట్రో, ఇంట్లో ఇంకో డిస్ట్రో ఉంటే ఒకే రాపర్ రెండు చోట్ల రెండు రకాల ఇమేజ్ ఇస్తుంది. అందుకని డిఫాల్టులను నమ్మకుండా అన్నీ విడిగా చెప్పెయ్యండి: ఎఫ్-నో-పీఐఈ, లింకింగ్‌లో నో-పీఐఈ, ఎఫ్-నో-స్టాక్-ప్రొటెక్టర్, సీఎఫ్-ప్రొటెక్షన్ నన్, పెద్ద యూ పెట్టి ఫోర్టిఫై సోర్స్ రద్దు.

స్టాక్ ప్రొటెక్టర్ ఎందుకు తీసేయాలంటే, ఎక్స్86-64 లినక్స్‌లో స్టాక్ చెడిందేమో చూసేందుకు అది వాడే రహస్య సంఖ్య ఎఫ్‌ఎస్ రిజిస్టర్ చూపే చోటు నుంచి 40 బైట్ల దూరంలో ఉంటుందని జీసీసీ నమ్ముతుంది. మీ బూట్ కోడ్ ఎఫ్‌ఎస్ సెట్ చేయకముందే ఏదైనా ఫంక్షన్ దాన్ని చదవబోయి, ఆ అడ్రస్ మ్యాప్ అయి ఉండకపోతే పేజ్ ఫాల్ట్, ఫాల్ట్ హ్యాండ్లర్ ఇంకా లేదు కాబట్టి ట్రిపుల్ ఫాల్ట్, మెషిన్ చప్పుడు లేకుండా రీసెట్. స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాదు, మీకు మాత్రం పిచ్చెక్కుతుంది. థ్రెడ్-లోకల్ స్టోరేజ్ (ఎఫ్‌ఎస్ చూపే చోటు) ఏర్పాటు చేశాక కావాలంటే తిరిగి ఆన్ చేసుకోవచ్చు. ఫోర్టిఫై వదిలేస్తే ఇంకో రకం గొడవ: గ్లిబ్‌సి హెడర్ ఎక్కడైనా దూరితే ప్రింటెఫ్ పోయి దాని చెక్ రూపం కావాలని లింకర్ అడుగుతుంది, అది గ్లిబ్‌సిలో ఉంటుంది, మీ లిబ్‌సిలో ఉండకపోవచ్చు.

రెడ్ జోన్ సంగతి కాస్త నిదానంగా చదవండి. సిస్టమ్ వీ ఏబీఐ (కంపైలైన కోడ్ పాటించాల్సిన నియమాలు) ప్రకారం స్టాక్ పాయింటర్ కింద 128 బైట్లను, పాయింటర్ కదపకుండానే, లీఫ్ ఫంక్షన్లు (వేరే ఫంక్షన్‌ని పిలవనివి) వాడుకోవచ్చు, ఆ చోటే రెడ్ జోన్. లినక్స్ యూజర్ ప్రోగ్రామ్‌కి ఇంటరప్ట్ వస్తే కెర్నెల్ వేరే స్టాక్‌కి మారిపోతుంది కాబట్టి నష్టం లేదు. యూనికెర్నెల్‌లో ఇంటరప్ట్ అదే స్టాక్ మీద దిగితే ఆ 128 బైట్లు తుడిచిపెట్టుకుపోతాయి. బగ్ ఎప్పుడో ఒకసారి వస్తుంది, మళ్లీ రమ్మంటే రాదు. ఎం-నో-రెడ్-జోన్ ఇవ్వండి, లిబ్‌సి కూడా అదే రాపర్‌తో బిల్డ్ చేయండి. అయినా ఒక రంధ్రం మిగులుతుంది: లిబ్‌జీసీసీ, అంటే జీసీసీ సొంత సహాయక లైబ్రరీ. అది మీ డిస్ట్రో వాళ్లు రెడ్ జోన్‌తోనే కట్టి ఇచ్చినది, 128 బిట్ల భాగహారం లాంటివి దాంట్లోంచే వస్తాయి. నన్నడిగితే ఇంటరప్టులకు ఐఎస్‌టీ (ఇంటరప్ట్ స్టాక్ టేబుల్) ద్వారా విడి స్టాక్ ఇవ్వడమే నిజమైన పరిష్కారం, ఫ్లాగు అదనపు జాగ్రత్త మాత్రమే.

తప్పనిసరి ఫ్లాగులన్నీ యూజర్ ఫ్లాగుల తర్వాత పెట్టండి, జీసీసీలో చివర వచ్చినదే చెల్లుతుంది. ఓ2 లాంటి మీ ఇష్టాలు ముందు పెట్టండి, యూజర్ మార్చుకోనివ్వండి. ఎల్‌టీఓ (లింక్ సమయంలో చేసే ఆప్టిమైజేషన్) ప్రస్తుతానికి నో.

లింకింగ్ దగ్గరే అసలు కథ

మొదట, ఇప్పుడు జీసీసీ లింక్ చేయబోతోందా లేదా అన్నది రాపర్ కనిపెట్టాలి. చిన్న సి, పెద్ద ఎస్, పెద్ద ఈ, పెద్ద ఎం, డబుల్ ఎం, సింటాక్స్-ఓన్లీ ఉంటే లింక్ లేదు. పెద్ద ఎం పక్కన డీ చేరితే మాత్రం లింక్ ఉంది, డిపెండెన్సీ ఫైల్ పక్కన రాస్తుందంతే. ఈ రెంటినీ ఒకే ప్యాటర్న్‌లో పట్టుకుంటే ఆటోమేక్ ప్యాకేజీల్లో లింక్ స్టెప్పులు మాయమైపోతాయి. చిన్న ఓ, ఎంఎఫ్, ఇన్‌క్లూడ్ లాంటివాటి పక్క ఆర్గ్యుమెంట్ విలువ కాబట్టి దాన్ని దాటేయాలి. షేర్డ్ అడిగితే కుదరదని ఎర్రర్ ఇవ్వండి. వెర్షన్ అడిగినా, ఫైల్ ఏదీ లేకుండా చిన్న వీ కొట్టినా ఏమీ కలపకుండా అలాగే జీసీసీకి పంపండి, లేకపోతే మీరు జోడించిన స్టార్టప్ ఆబ్జెక్ట్‌ని చూసి అది లింకింగ్‌కి దిగుతుంది. డంప్‌మెషీన్ అడిగితే మాత్రం జీసీసీని పిలవొద్దు, మీ ట్రిప్లెట్ మీరే ఎకో చేయండి, మజిల్ కాన్ఫిగర్ దీన్నే అడుగుతుంది. ప్రింట్-సెర్చ్-డిర్స్ కూడా మీరే జవాబు చెప్పాలి, లిబ్‌టూల్ ఆ జవాబు పట్టుకునే లైబ్రరీల కోసం వెతుకుతుంది.

ఇప్పుడు లైబ్రరీలు. నోస్టడ్‌లిబ్ ఇచ్చేశాం, హోస్ట్ లైబ్రరీలు రావు అనుకుంటారు. కాదు. ఆ ఫ్లాగు జీసీసీ తానంతట తాను చేర్చే స్టార్టప్ ఫైళ్లను, లిబ్‌సిని ఆపుతుందంతే. వెతికే దారులు అలాగే ఉంటాయి: జీసీసీ తన ఫోల్డర్లను పెద్ద ఎల్‌తో లింకర్‌కి పంపుతూనే ఉంటుంది, లింకర్‌కి సొంతంగా తెలిసిన దారులు ఇంకొన్ని. ఏదైనా ప్యాకేజీ జడ్‌లిబ్ (కంప్రెషన్ లైబ్రరీ) కోసం ఎల్-జెడ్ అందనుకోండి, మీ సిస్‌రూట్‌లో అది లేకపోతే ఉబుంటు జడ్‌లిబ్‌ని తెచ్చి నిశ్శబ్దంగా అంటించేస్తుంది. గ్లిబ్‌సి కోసం కట్టిన ఆబ్జెక్టులు మీ ఇమేజ్‌లో చేరిపోతాయి, లింక్ సక్సెస్, బూట్ అయ్యాక చావు.

దీనికి దారి రెండో రాపర్. లిబ్‌ఎగ్జెక్ ఫోల్డర్‌లో ఎల్‌డీ అనే పేరుతో ఒక స్క్రిప్టు పెట్టి, మొదటి రాపర్‌లో పెద్ద బి ఫ్లాగుతో ఆ ఫోల్డర్ చూపించండి. జీసీసీ లింకర్ కోసం ముందు అక్కడ వెతికి మీ ఎల్‌డీని పిలుస్తుంది. అది చేయాల్సింది: సిస్‌రూట్ బయటివి, ప్రాజెక్టు ఫోల్డర్ బయటివి అయిన పెద్ద ఎల్‌లను పారేయడం, లింకర్ సొంత నోస్టడ్‌లిబ్ ఫ్లాగు చేర్చడం (పేరు ఒకటే గానీ ఇది వేరు, ఇది లింకర్ సొంత దారులను మూసేస్తుంది), మిగతావన్నీ అసలు ఎల్‌డీకి పూర్తి పాత్‌తో పిలిచి అప్పగించడం. పూర్తి పాత్ లేకపోతే పాత్ వేరియబుల్‌ని బట్టి తనను తానే పిలుచుకునే ప్రమాదం ఉంది. ఎట్ గుర్తుతో మొదలయ్యే రెస్పాన్స్ ఫైల్ (ఆర్గ్యుమెంట్లు రాసి ఉన్న ఫైల్) వస్తే విప్పి చూడాలి, లేదా ఎర్రర్ ఇవ్వాలి. క్లాంగ్ (ఇంకో సీ కంపైలర్) వాడేవాళ్ల కోసం మజిల్‌లో ఎల్‌డీ-డాట్-మజిల్-క్లాంగ్ అని ఉంది, అదీ ఇలాంటి వడపోతే. స్పెక్స్ ఫైల్ (జీసీసీ ఏ ఫ్లాగులు కలపాలో చెప్పే ఫైల్) రాసినా ఇదే పని అవుతుంది, మజిల్-జీసీసీ చేసేది అదే, కానీ స్పెక్స్ భాష చదివి ఆనందించేవాళ్లను నేనింకా చూడలేదు.

లింక్ లైన్ వరస ఇలా ఉండాలి: స్టాటిక్, లింకర్ స్క్రిప్టు, స్టార్టప్ ఆబ్జెక్ట్, యూజర్ ఇచ్చినవి, ఆపైన స్టార్ట్-గ్రూప్, ఎండ్-గ్రూప్ మధ్యలో మీ కెర్నెల్ లైబ్రరీ, లిబ్‌సి, లిబ్‌జీసీసీ. లిబ్‌జీసీసీకి ప్రింట్-లిబ్‌జీసీసీ-ఫైల్-నేమ్ చెప్పిన పూర్తి పాత్ ఇవ్వండి, దారులన్నీ మూసేశాం కదా. ఎల్-ఎం, ఎల్-పీథ్రెడ్ అడిగే ప్యాకేజీలు చాలా ఉంటాయి. ఆ ఫంక్షన్లు మీ లిబ్‌సిలోనే ఉంటే ఆ పేర్లతో ఖాళీ ఆర్కైవులు సిస్‌రూట్‌లో పెట్టండి, మజిల్ చేసేదీ అంతే.

కాన్ఫిగర్‌కి అబద్ధం చెప్పొద్దు

కాన్ఫిగర్ స్క్రిప్టు ఫంక్షన్ ఉందా లేదా అని తెలుసుకునేది చిన్న ప్రోగ్రామ్‌ని లింక్ చేసి. కొన్ని డిజైన్లలో చివరి లింక్ తర్వాతకి వాయిదా వేస్తారు. రంప్‌రన్‌లో బేక్ అని ఒక విడి దశ ఉంది, ఏ డ్రైవర్లు కావాలో అప్పుడు నిర్ణయిస్తారు. మీరూ అలా చేస్తూ రాపర్‌లో రీలొకేటబుల్ లింక్‌తో (దొరకని ఫంక్షన్లను తర్వాతకి వదిలేసే లింక్‌తో) సరిపెడితే, లేని ఫంక్షన్ కూడా లింక్ అయిపోతుంది, ఫోర్క్ ఉంది, ఈపోల్ ఉంది, అన్నీ ఉన్నాయని కాన్ఫిగర్ రాసుకుంటుంది. వాయిదా వేయాలంటే వేయండి, కానీ అదే సమయంలో పూర్తి లింక్ ఒకటి చేసి చూసి పారేయండి, ఫెయిలైతే రాపర్ కూడా ఫెయిలవ్వాలి.

సీమేక్‌లో (ఇంకో బిల్డ్ పనిముట్టు) ఇదే గుంత వేరే రూపంలో ఉంది. ట్రై-కంపైల్ టార్గెట్‌ని స్టాటిక్ లైబ్రరీగా పెట్టమని నెట్‌లో ప్రతిచోటా సలహా కనిపిస్తుంది. అది పెడితే లింకే జరగదు, ఫంక్షన్ ఉందా అన్న ప్రతి ప్రశ్నకూ ఉందనే జవాబు. మన రాపర్ పూర్తి లింక్ చేస్తుంది కాబట్టి ఆ సలహా పక్కన పెట్టండి. సిస్టమ్ నేమ్ జెనరిక్, ఫైండ్-రూట్-పాత్ మోడ్‌లు లైబ్రరీకీ ఇన్‌క్లూడ్‌కీ ఓన్లీ, అంతే.

క్రాస్ కంపైల్‌లో ప్రోగ్రామ్‌ని నడిపి చూడడం కుదరదు కాబట్టి కొన్ని ప్రశ్నలకు కాన్ఫిగర్ భయపడి చెడ్డ జవాబు ఊహించుకుంటుంది. మాలక్‌కి సున్నా ఇస్తే ఏమవుతుందన్న సంగతి అలాంటిదే, చివర్లో ఆర్‌పీఎల్-మాలక్ దొరకలేదని లింకర్ ఏడుస్తుంది. సిస్‌రూట్‌లో కాన్ఫిగ్-డాట్-సైట్ ఫైల్ ఒకటి పెట్టి అందులో ఏసీ-సీవీ వేరియబుల్స్ రాసుకోండి. మీ లిబ్‌సిలో ఫోర్క్ స్టబ్ (పేరుకు మాత్రమే ఉన్న ఫంక్షన్) ఉండి ఎర్రర్ తిరిగిస్తుంటే ఫోర్క్‌కి నో అని కూడా అక్కడే రాయండి, స్టబ్ లింక్ అవుతుంది కాబట్టి పూర్తి లింక్ ఒక్కటే దాన్ని పట్టుకోలేదు.

పీకేజీ-కాన్ఫిగ్‌కి (లైబ్రరీల ఫ్లాగులు, దారులు చెప్పే పనిముట్టు) ఒక్క మాట: దాని సొంత పాత్ వేరియబుల్, అంటే పీకేజీ-కాన్ఫిగ్-పాత్, వాడకండి, అది హోస్ట్ దారులకు అదనంగా చేరుతుంది. దాని లిబ్‌డిర్ వేరియబుల్ వాడండి, అది వాటిని తీసేసి మీది పెడుతుంది.

పరీక్ష

రాపర్ పనిచేస్తోందా అని హలో వరల్డ్‌తో చూసి సంబరపడొద్దు. ముందు ఫెయిలవ్వాల్సినవి ఫెయిలవుతున్నాయా చూడండి. లినక్స్ కెర్నెల్ హెడర్ ఇన్‌క్లూడ్ చేసిన ఫైల్ కంపైల్ కాకూడదు. సిస్‌రూట్‌లో జడ్‌లిబ్ లేనప్పుడు ఎల్-జెడ్ లింక్ కాకూడదు. ఎక్కడా లేని ఫంక్షన్ పిలిచే ప్రోగ్రామ్ లింక్ కాకూడదు. పెద్ద ఐతో స్లాష్ యూఎస్‌ఆర్ ఇస్తే రాపర్ తిట్టాలి. ఈ నాలుగూ ఒక స్క్రిప్టులో పెట్టి, రాపర్ ముట్టుకున్న ప్రతిసారీ నడపండి. తర్వాత పెద్ద హెచ్ ఫ్లాగుతో ఏయే హెడర్లు తెరుచుకున్నాయో అచ్చు వేయించి, అందులో స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ ఇన్‌క్లూడ్ ఉందేమో గ్రెప్ చేయండి. తయారైన ఇమేజ్‌ని రీడ్‌ఎల్ఫ్‌తో చూస్తే ఇంటర్‌ప్రెటర్ సెగ్మెంట్ ఉండకూడదు, ఎన్‌ఎం చిన్న యూతో చూస్తే ఖాళీగా రావాలి.

ఆ తర్వాత జడ్‌లిబ్ కట్టండి. దాని కాన్ఫిగర్ చేత్తో రాసినది, హోస్ట్ ఆప్షన్ ఉండదు, సీహోస్ట్ వేరియబుల్‌లో మీ ట్రిప్లెట్ పెట్టి స్టాటిక్ అని అడగాలి. ఆ పైన లువా (ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష), మేక్ జెనరిక్‌తో. ఈ రెండూ దాటితే అప్పుడు పెద్ద ఆటోకాన్ఫ్ ప్యాకేజీల జోలికి వెళ్లొచ్చు.

బూట్‌కి క్యూఎము (వర్చువల్ మెషిన్ నడిపే ప్రోగ్రామ్) చాలు, కేవీఎం (ప్రాసెసర్ వర్చువలైజేషన్ సాయం) లేని పాత లాప్‌టాప్‌లో కూడా నెమ్మదిగానైనా నడుస్తుంది. నో-రీబూట్ ఇవ్వండి, ట్రిపుల్ ఫాల్ట్ వస్తే రీసెట్ల సుడిలో తిరక్కుండా ఆగుతుంది, చిన్న డీ ఇంట్ ఇస్తే ఏ ఫాల్ట్ ఏ అడ్రస్‌లో వచ్చిందో లాగ్ వస్తుంది. మల్టీబూట్ పద్ధతిలో మీ 64 బిట్ల ఈఎల్ఎఫ్‌ని కెర్నెల్ ఆప్షన్‌కి నేరుగా ఇస్తే క్యూఎము తీసుకోదు, 32 బిట్లది ఇవ్వమంటుంది. ఆబ్జ్‌కాపీతో ఈఎల్ఎఫ్32-ఐ386గా మార్చి ఇవ్వండి, లోపలి కోడ్ మారదు, పై అట్ట మాత్రమే మారుతుంది. ఈ మార్పు లింక్ రాపర్‌లో పెట్టొద్దు. పెడితే ఆ 32 బిట్ల ఫైల్‌ని జీడీబీకి (డీబగ్గర్‌కి) ఇచ్చినప్పుడు సింబల్స్, అడ్రస్‌లు గజిబిజి అవుతాయి. విడిగా ఒక చిన్న స్క్రిప్టు చేసి, 64 బిట్ల అసలు ఫైల్‌ని డీబగ్గింగ్ కోసం పక్కన ఉంచుకోండి.